బిగుసుకుపోయిన నైట్రో కారు ఇంజిన్: నా అనుభవం

నిన్న సాయంత్రం ఇంజిన్ మళ్లీ స్టార్ట్ అయింది. చేతులకి ఇంకా ఆ ఇంధనం వాసన పోలేదు. మర్చిపోకముందే రాస్తున్నాను.

నాది పదో వంతు సైజు రిమోట్ కారు. 3 సీసీ నైట్రో ఇంజిన్. మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన ఇంధనంతో నడుస్తుంది. జూన్‌లో చివరిసారి నడిపి, ట్యాంక్ ఖాళీ చేసి, అట్టపెట్టెలో పెట్టేశాను. ఇంజిన్ లోపల మిగిలిన ఇంధనం సంగతి పట్టించుకోలేదు. మిథనాల్ గాలిలో తేమని లాగేసుకుంటుంది. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఇక్కడ సముద్రపు గాలికి కిటికీ ఊచలకే తుప్పు పడుతుంది. ఎనిమిది నెలల తర్వాత తీసి స్టార్టర్ తాడు లాగితే కదల్లేదు. గట్టిగా లాగితే తాడు తెగి చేతికొచ్చింది.

కారు కొన్న షాపుకే పట్టుకెళ్లాను. షాపాయన ఫ్లైవీల్‌ని (ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం) వేలితో ఒక్కసారి కదిపి చూసి, "సీజ్ అయింది. పిస్టన్, స్లీవ్ రెండూ పోయినట్టే. కొత్త ఇంజిన్ వేసుకో" అన్నాడు. స్లీవ్ అంటే పిస్టన్ కదిలే గొట్టం. ఆయన ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్ కూడా విప్పలేదు. ఒకసారి విప్పి చూడండి సార్ అన్నాను. పక్కన ఇద్దరు కస్టమర్లు, వాళ్లతో ఒక చిన్న పిల్లాడు ఉన్నారు. వాళ్లందరి ముందు, "ఇంజిన్ చూసుకోవడం రానివాడివి బ్యాటరీ కారు కొనుక్కోవాల్సింది" అన్నాడు. మూడేళ్లుగా ఈ కార్బురేటర్ నీడిల్స్ (ఇంధనం పాళ్లు సరిచేసే స్క్రూలు) నేనే సెట్ చేసుకుంటున్నాను. ఒక్కసారి కూడా వాళ్ల దగ్గరికి రిపేరుకి వెళ్లలేదు. అయినా ఆ క్షణంలో నోట మాట రాలేదు. కారు తీసుకుని వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు మా వీధి చివర బైక్ మెకానిక్ దగ్గరికి వెళ్లాను. మనిషి మంచివాడు, కానీ అతను రోజూ చూసేవి రింగులున్న పిస్టన్లు. ప్లయర్‌తో ఫ్లైవీల్ పట్టి తిప్పబోయాడు, అంచు మీద గాట్లు పడ్డాయి. తర్వాత ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ దూర్చి పిస్టన్‌ని కిందికి నెడతానన్నాడు. "వద్దన్నా, ఆపెయ్" అని చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు ఆపాను కాబట్టే ఇంజిన్ దక్కింది.

ఈ ఇంజిన్‌లో రింగులుండవు. అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూత వేసిన ఇత్తడి స్లీవ్. స్లీవ్ లోపలి రంధ్రం పైకి వెళ్లేకొద్దీ ఇరుకవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకొచ్చి అక్కడ బిగుసుకోవడం దాని సహజగుణం. వేడెక్కితే ఇత్తడి సాగి సరిపోతుంది. క్రోమ్ మీద ఒక్క గీత పడినా కంప్రెషన్ (పిస్టన్ పైన పుట్టే ఒత్తిడి) పోతుంది, ఇక ఆ స్లీవ్ పనికిరాదు. ఇంతవరకు నాకు తెలుసు. కానీ వదిలించడం ఎలాగో తోచలేదు.

దారి చూపించింది మా అమ్మ. ఇంటికొచ్చి గ్లో ప్లగ్ విప్పి టేబుల్ మీద పెడితే, వాసన చూసి, "ఇది ఆముదం కదరా" అంది. నిజమే, ఆ ఇంధనంలో ఉండే ఆయిల్‌లో ఆముదం ఉంది. "ఆముదం సీసా మూత జిడ్డు పట్టి బిగుసుకుంటే మేం వేడినీళ్లలో పెట్టేవాళ్లం. చల్లగా ఉన్నప్పుడు ఎంత తిప్పినా రాదు" అంది. షాపులో అంత నోరు చేసుకున్న మనిషికి తట్టని సంగతి ఆవిడకి ఒక్క వాసనతో తట్టింది.

ప్లగ్ రంధ్రంలో, కార్బురేటర్‌లో నాలుగేసి చుక్కలు పల్చటి మెషిన్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున చెల్లి హెయిర్ డ్రయ్యర్‌తో హెడ్‌కి (ఇంజిన్ పైమూత), కేస్‌కి (బయటి గుల్ల) పావుగంట వేడి పెట్టాను. గుడ్డ చుట్టి ఫ్లైవీల్ అటూ ఇటూ ఊపాను. మూడోసారి వేడి చేశాక వెంట్రుకవాసి కదిలింది. ఇంకో రెండు నిమిషాలకి పూర్తిగా తిరిగింది. అమ్మని పిలిచి తిప్పి చూపించాను.

తర్వాత పని తేలిక. ఇంజిన్ విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్ బ్రష్‌తో కడిగాను. స్లీవ్, పిస్టన్ మీద ఒక్క గీత లేదు. వెనక బేరింగ్ మాత్రం తుప్పుపట్టి గరగరలాడింది. కేస్ వేడి చేసి చెక్క మీద తడితే జారిపడింది. దాని మీది నంబర్ చూపిస్తే మామూలు బేరింగుల షాపులోనే కొత్తది దొరికింది. స్టార్టర్‌కి కొత్త తాడు వేశాను. బిగించేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. స్లీవ్ గాడి కేస్‌లోని పిన్ మీదే కూర్చోవాలి. హెడ్ స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. పాత డబ్బాలో మిగిలిన ఇంధనం వాడకండి, అది కూడా తేమ పీల్చేసుకుని ఉంటుంది.

నిన్న నాలుగోసారి తాడు లాగేసరికి అందుకుంది. నీలం పొగ. నీడిల్ కాస్త రిచ్‌గా, అంటే ఇంధనం ఎక్కువ అందేలా పెట్టి ఒక ట్యాంక్ నెమ్మదిగా నడిపాను. హెడ్ మీద నీటి చుక్క వేస్తే చిటపటమని మూడు సెకన్లలో ఆవిరైంది, అంటే వేడి సరిగ్గానే ఉంది.

ఈసారి ఇంధనం పూర్తిగా కాలిపోయి, మళ్లీ లాగినా అందుకోనంతవరకు నడిపి ఆపాను. ప్లగ్ రంధ్రంలో, కార్బురేటర్‌లో ఐదేసి చుక్కలు ఆయిల్ వేసి, పదిసార్లు తాడు లాగి, ప్లగ్ బిగించాను. పిస్టన్ పైన బిగుసుకోకుండా అడుగునే ఉందో లేదో తెలియడానికి, అది అడుగున ఉన్నప్పుడు ఫ్లైవీల్ మీద పైకి కనిపించేలా నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను. రాత్రి పడుకోబోయే ముందు వెళ్లి చూశాను, చుక్క పైనే ఉంది.