బాగున్నాక వేసుకునే మాత్ర

జ్వరం తగ్గాక జ్వరం మాత్ర ఎవరైనా వేసుకుంటారా? నేనూ అదే లెక్క వేసుకున్నాను. తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి, నా లెక్క మీద నాకు నమ్మకం కాస్త ఎక్కువ. 2018లో డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. రెండు నెలలకు నిద్ర దారిలో పడింది, సంగటి ముద్దకి రుచి తెలిసింది, క్లాసులో పిల్లలు నవ్వే మాటలు మళ్లీ నోట్లోంచి వచ్చాయి. ఇంకో రెండు నెలలు ఎలాగో వేసుకుని ఒక ఆదివారం పొద్దున మిగిలిన స్ట్రిప్పు తీసి బీరువా మీద పడేశాను. డాక్టరును అడగలేదు. మా ఆవిడకు చెప్పలేదు. అమ్మకు మాత్రం చెప్పాను, సంతోషిస్తుందని తెలుసు కాబట్టి. "మంచి పని చేసినావు నాయనా, అవి అలవాటైతే వదలవంట" అంది.

మూడో రోజు నుంచి తల ఇటు తిప్పితే చాలు, లోపలెక్కడో సన్నగా కరెంటు కొట్టినట్టు ఉండేది. కళ్లు తిరగడం, ఊరికే కోపం, పిచ్చి పిచ్చి కలలు. బీపీ ఏమో అనుకుని చూపించుకున్నాను, బాగానే ఉంది. రెండు వారాల్లో అన్నీ పోయాయి. అది మాత్ర ఒక్కసారిగా ఆపినందువల్ల వచ్చినదని, రోగం తిరగబెట్టడం వేరు, ఇది వేరు అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆపినందువల్ల వచ్చేది సాధారణంగా కొన్ని రోజుల్లోనే మొదలవుతుంది, ఒంట్లో ఎక్కువ తెలుస్తుంది. తిరగబెట్టేది అలా కాదు, వారాలు నెలలు తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంట్లోకి వచ్చినట్టు వస్తుంది. నాకు 2021లో వచ్చింది. మూడోసారి. మొదటిది 2012లో, దానికి అప్పుడు పేరు కూడా తెలియదు, 'గాలి సోకింది' అని మా ఊళ్లో తాయెత్తు కట్టించారు.

మూడోసారి గురించి ఎక్కువ రాయను. తెల్లవారుజామున మూడున్నరకు మెలకువ వచ్చి, దిద్దని పేపర్ల కట్ట వైపు చూస్తూ కూర్చోవడం, అంతే చాలు.

ఈసారి వెళ్లిన డాక్టరుగారు కొత్తాయన. అంతా విని, "తగ్గించడం సగం పనే సార్, మళ్లీ రాకుండా చూసుకోవడం మిగతా సగం. మీరు రెండోసారి సగం పని చేసి వెళ్లిపోయారు" అన్నారు. కోపం రాలేదు, విద్యార్థికి నేను చెప్పే మాటే అది. ఆయన చెప్పింది ఏమిటంటే, బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు అదే మోతాదు వేసుకోవాలి, నాలాగా మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లయితే రెండేళ్లు, అవసరాన్ని బట్టి ఇంకా ఎక్కువ. అంటే ఈ మాత్ర అసలు పని నేను బాగున్న రోజుల్లో చేస్తుంది. ఇది మనసుకు ఎక్కించుకోవడం ఎంత కష్టమో వేసుకునేవాళ్లకే తెలుసు. రోజూ రాత్రి తొమ్మిదికి, ఏ బాధా లేకుండా, క్రికెట్ చూస్తూ, 'నువ్వు రోగివి' అని గుర్తుచేసే ఒక తెల్ల బిళ్ల.

2022 మధ్యకి కోలుకున్నాక, ఆయనే మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు ఒకటి చేయమన్నారు, అంటే ఈ క్షణంలో ఒంట్లో, మనసులో జరిగేదాన్ని ఉన్నదున్నట్టు గమనించడం. వినగానే చిరాకేసింది. మన ఊళ్లో మనసు బాగాలేదంటే సలహాకు కొదవా? "అలిపిరి నుంచి నడిచి కొండెక్కు, అన్నీ పోతాయి" అని చెప్పనివాళ్లు లేరు. 2018లో మూడుసార్లు ఎక్కాను. 3550 మెట్లు, ప్రతి మెట్టు మీదా నా బుర్రలో తిరిగింది ఒకటే వాక్యం, 'నువ్వు దేనికీ పనికిరావు' అని. మోకాళ్ల మెట్టు దగ్గర కాళ్లు లాగుతున్నాయి గాని ఆ వాక్యం ఆగలేదు. దేవుడి మీద నాకేమీ ఫిర్యాదు లేదు, నడక మంచిదే, కానీ నడుస్తున్నప్పుడు నేను అక్కడ లేను, అదీ సంగతి.

డాక్టరుగారు చెప్పింది వేరే. 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ అనే ఆయన దీర్ఘకాలం నొప్పులతో బాధపడేవాళ్ల కోసం ఒక పద్ధతి మొదలుపెట్టాడు, ఇప్పుడది ఎనిమిది వారాల కోర్సు. దాన్ని తీసుకుని జిండెల్ సీగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్ అనే ముగ్గురు సైకాలజిస్టులు, డిప్రెషన్ తగ్గినవాళ్లకు మళ్లీ రాకుండా ఉండేందుకు ప్రత్యేకంగా ఒక చికిత్స తయారుచేశారు. తగ్గినవాళ్లకు అన్న మాట గట్టిగా చదవండి. నిండా మునిగి ఉన్నప్పుడు కళ్లు మూసుకుని కూర్చోమంటే కొందరికి ఇంకా ఎక్కువవుతుంది, 2021లో నన్ను కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేవాణ్ణో. వాళ్ల ఆలోచన నాకు నచ్చింది. ఒకసారి డిప్రెషన్ వచ్చిపోయినవాడికి బుర్రలో ఎద్దులబండి గాడి పడిపోయి ఉంటుంది. మామూలు మనిషికి ఒక చెడ్డ రోజు వస్తే అది చెడ్డ రోజే, మనకు మాత్రం బండి చక్రం ఆ గాడిలోకి జారిపోతుంది, ఇక లాగేకొద్దీ అందులోనే పోతుంది. జారిన క్షణంలోనే తెలుసుకోవడం నేర్పిస్తారు ఇక్కడ. ప్రశాంతత నేర్పించరు. నేను ప్రశాంతత కోసం వెళ్లి మొదటి రెండు వారాలు చాలా నిరాశపడ్డాను.

బెంగళూరులో ఉండే ఒక సైకాలజిస్టు ఆన్‌లైన్‌లో చెప్పారు, వారానికి రెండు గంటలు, ఇంటి పని రోజూ ముప్పావుగంట దాకా. మొదటి రోజు ఒక ఎండుద్రాక్ష తెచ్చుకోమన్నారు. చేతిలో పెట్టుకుని చూడాలి, వాసన చూడాలి, నాలుక మీద పెట్టుకుని ఆగాలి. నవ్వొచ్చింది. తిరుపతిలో పుట్టినవాడికి ఎండుద్రాక్ష గురించి ఒకరు చెప్పాలా, చిన్నప్పుడు కొండ లడ్డూ ఇంటికొస్తే నేనూ మా చెల్లెలూ అమ్మ చూడకుండా జీడిపప్పు, ద్రాక్ష ఏరుకుని తిని లడ్డూని గుల్ల చేసేవాళ్లం. అయితే ఆ రోజు గమనించాను, ఆ ద్రాక్ష నోట్లో ఉన్న రెండు నిమిషాల్లో కనీసం పదిసార్లు మనసు వేరే చోటికి వెళ్లింది, వెళ్లిన ప్రతిసారీ నన్ను నేను తిట్టుకున్నాను. ఆ తిట్టుకోవడమే నా రోగం అని అప్పుడు అర్థం కాలేదు. ఒంటినంతా కాలి బొటనవేలి నుంచి గమనించుకుంటూ రావడం ఇంకో అభ్యాసం, అందులో నేను మోకాలు దాటకుండానే గురక పెట్టేవాణ్ణని మా ఆవిడ సాక్ష్యం.

నాలుగో వారమో ఐదో వారమో, ఒక చిన్న మాట దగ్గర నాకు పట్టు దొరికింది. 'నేను చేతకానివాణ్ణి.' ఇది వాక్యం. 'నేను చేతకానివాణ్ణి అనే ఆలోచన వచ్చింది.' ఇదీ వాక్యమే. తేడా అంతా ఆ 'అనే' దగ్గర ఉంది. మన తెలుగులో ఇంత చిన్న పనిముట్టు పెట్టుకుని వాడుకోవడం తెలియలేదు. స్టాఫ్‌రూమ్‌లో ఎవరో నా బ్యాచ్ మార్కుల గురించి ఒక మాట అంటారు, కడుపులో రాయి పడుతుంది, అప్పుడు మూడు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడి ఇప్పుడేం జరుగుతోంది అని చూసుకుంటాను, ఊపిరి చూసుకుంటాను, ఒళ్లంతా చూసుకుంటాను. రాయి పోదు. రాయి ఉందని తెలుస్తుంది, దాని వెనకాల లారీ లోడు రాళ్లు రావు.

ఒక చిన్న పక్కదారి. మా అమ్మ మొక్కు తీర్చుకోవడానికి మెట్ల పూజ చేసింది, నాకు పదేళ్లప్పుడు. ప్రతి మెట్టుకీ వంగడం, పసుపు రాయడం, కుంకుమ బొట్టు పెట్టడం, ఇంకో మెట్టు. నేను బుట్ట పట్టుకుని వెనకాల. గాలిగోపురం ఇంకెంత దూరం అని నేను అడుగుతూనే ఉన్నాను, ఆమె ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. కోర్సు చేస్తున్నప్పుడు ఆ దృశ్యం చాలాసార్లు గుర్తొచ్చింది. 'ఇవన్నీ మన దగ్గర ఎప్పుడో ఉన్నాయి' అనే వాట్సాప్ మాట అనడం లేదు నేను, అమ్మ చేసింది భక్తి, ఇది చికిత్స, రెండూ వేరు. కానీ ఒక మెట్టు మీద ఉన్నప్పుడు ఆ మెట్టు మీదే ఉండడం అంటే ఏమిటో నేను కళ్లారా చూసింది మాత్రం ఆ రోజే.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. ఇది చేస్తే మాత్ర ఆపేయొచ్చా? నాకూ అదే ఆశ. చదివాను. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధన ఒకటి ఉంది, మూడు అంతకంటే ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చిన 424 మంది మీద. సగం మంది మాత్ర కొనసాగించారు, సగం మంది ఈ కోర్సు చేసి డాక్టర్ల సాయంతో మాత్ర మెల్లగా తగ్గించుకోవడమో ఆపడమో చేశారు. రెండేళ్లలో మాత్రవాళ్లలో 47 శాతానికి, కోర్సువాళ్లలో 44 శాతానికి తిరగబెట్టింది. ఆ మూడు శాతం తేడాని గెలుపు అనకూడదు, రెండూ ఇంచుమించు సమానం అనాలి. కొందరికి ఇది మంచి వార్త, మాత్ర పడనివాళ్లకు, వద్దనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. కానీ ఏ దారిలో పోయినా ఇంచుమించు సగం మందికి మళ్లీ వచ్చింది, అది కూడా అందులోనే ఉంది. 2021లో ఇంకో పరిశోధన వచ్చింది, ఏళ్ల తరబడి మాత్ర వేసుకుంటూ, ఆపగలం అనుకున్న 478 మంది మీద. ఏడాదిలో, ఆపినవాళ్లలో 56 శాతానికి, కొనసాగించినవాళ్లలో 39 శాతానికి తిరగబెట్టింది. మా అమ్మకి 56 చూపించవచ్చు, మా డాక్టరుగారికి మిగిలిన 44 చూపించవచ్చు. చూపించాను కూడా. ఆయన నవ్వి, "ఆ 44లో మీరున్నారో లేదో చూద్దాం, కానీ నేను చెప్పినంత మెల్లగా" అన్నారు. మోతాదు చిన్నదయ్యేకొద్దీ తగ్గించే అడుగు కూడా చిన్నది కావాలట, 5 నుంచి సున్నాకి దూకకూడదు. ఎవరి లెక్క వాళ్ల డాక్టరు వేయాల్సిందే, నాది చూసి మీరు వేసుకోకండి.

తగ్గించే ముందు నన్నూ మా ఆవిడనీ కూర్చోబెట్టి ఒక పని చేయించారు. తిరగబెట్టేటప్పుడు మొదట ఏం కనిపిస్తుందో ఇద్దరూ విడివిడిగా రాయాలి. నేను రాసింది: మూడున్నరకు మెలకువ, పేపరు మడత విప్పకపోవడం, ఎవరూ ఎదురుపడకూడదని లీలామహల్ సర్కిల్ వైపు కాకుండా సందుల్లోంచి బండి తోలడం. మా ఆవిడ ఒకటే రాసింది: "కూరలో ఉప్పు గురించి మాట్లాడరు." ముందు నవ్వాను. ఇరవై ఏళ్లుగా ప్రతి పూటా ఉప్పు మీద తీర్పు చెప్పే మనిషిని, 2021లో నాలుగు నెలలు నోరెత్తలేదట. నాకైతే గుర్తే లేదు.

పోయిన ఏడాది 10 నుంచి ఏడున్నరకు, తర్వాత 5కి వచ్చాను. బాగానే ఉన్నాను, పొద్దున్నే అభ్యాసానికి కూర్చుంటున్నాను, పేపరు చదువుతున్నాను. ఒక రాత్రి భోజనాలయ్యాక ఆమె కంచాలు తీయకుండా అలాగే కూర్చుంది. "పప్పులో ఉప్పు వేయలేదు ఈరోజు. కావాలనే వేయలేదు. మీరు మొత్తం తిన్నారు."

నాకు కోపం వచ్చింది. పరీక్ష పెడతావా అన్నాను. కాలేజీలో ఇన్విజిలేషన్ టెన్షన్ అన్నాను. ఆ తర్వాత మేడ మీదికి వెళ్లి నిలబడి మూడు నిమిషాలు చూసుకుంటే, పేపరు చదువుతున్నాననే మాట అబద్ధం, పది రోజులుగా పేజీలు తిప్పుతున్నానంతే. రెండో రోజే ఇద్దరం డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. తిరిగి 10. ఓడిపోయాను అనే ఆలోచన వచ్చింది, వచ్చిందని ఆయనకే చెప్పాను.

డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లుంటే, టెలిమానస్ అని ప్రభుత్వానిదే ఒక నంబరు ఉంది, 14416. ఖర్చు లేదు, రాత్రయినా పగలయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం రేపటి దాకా ఆగకండి, ఇంట్లో ఎవరో ఒకరిని లేపి చెప్పండి.

10కి వెళ్లి ఏడు వారాలైంది. నిన్న రాత్రి చారులో ఉప్పు ఎక్కువైందన్నాను. మా ఆవిడ రుచి చూసింది. "సరిగ్గానే ఉంది" అంది, అని ఇంకో గరిటె వడ్డించింది.