చిన్న స్టీరింగ్ కావాలన్నవాళ్లకు నేను చెప్పేది

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసే గరాజ్‌లో పని చేస్తాను. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. సెలవుకి వచ్చినప్పుడల్లా ఊళ్లో అందరూ అడిగేది ఒకటే, అక్కడ ఏం పని అని. మెకానిక్ అంటే వెంటనే అర్థమవుతుంది. ఈ మధ్య స్టీరింగ్‌లు మార్చే పని ఎక్కువగా నా చేతికే వస్తోందంటే మాత్రం అనుమానంగా చూస్తారు. స్టీరింగ్ పాడవుతుందా? పాడవదు. బాగున్నదాన్నే తీయించి, అంతకంటే చిన్నది పెట్టించుకుంటారు. దానికి డబ్బులిస్తారా? ఇస్తారు. ఇటలీ కంపెనీల స్టీరింగ్‌లు, అసలైన మోమోనో నార్డీనో కొని, దాన్ని కారుకి బిగించే బాస్ అనే ముక్క కూడా కలిపితే నా నెల జీతానికి కాస్త అటూ ఇటూగా తేలుతుంది.

మా మావయ్య ఒక్కడే దీన్ని ఆషామాషీగా తీసిపారేయలేదు. ఆయన అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడు వేసుకుని ఉత్తరాదికి లారీ తోలినవాడు. పవర్ స్టీరింగ్ లేని బండ్ల మీద ఆయన సగం వయసు గడిచింది. మొన్న సెలవులో అరుగు మీద కూర్చుని అడిగాడు: "మా లారీకి స్టీరింగ్ అంత పెద్దది ఎందుకు పెట్టాడు అల్లుడూ? చిన్నదైతే తిప్పలేమనేగా? మరి వీళ్లు డబ్బులిచ్చి కష్టం కొనుక్కోడమేంటి?"

గరాజ్‌కి వచ్చే కస్టమర్లలో ఈ మాట అడిగినవాళ్లు తక్కువ. అడగాల్సింది అదే.

లెక్క తేలికైనదే. పాత పోర్షె 911 ఉందనుకోండి, దాని స్టీరింగ్ అడ్డకొలత సుమారు 380 మిల్లీమీటర్లు. అది తీసి 350 పెడితే అదే మలుపుకి చేతులు దాదాపు 8.5 శాతం ఎక్కువ బలం పెట్టాలి. 320 పెడితే దాదాపు 19 శాతం. దానికి బదులుగా దొరికేది, చేతులు తిరిగే దూరం తగ్గడం. 380 మీద ఒక పూర్తి చుట్టుకి చెయ్యి 119 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది, 350 మీద 110. కారు త్వరగా తిరుగుతుందని చాలామంది అనుకుంటారు గానీ తిరగదు. ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్ని చుట్లు తిప్పాలన్నది కింద ముందు టైర్లని తిప్పే పళ్ల కడ్డీ, అంటే ర్యాక్‌ని బట్టి ఉంటుంది. పైన చక్రం ఎంత చిన్నదైనా ఆ చుట్లు మారవు. మారేది మన చేతికి తెలిసే తీరు. రోడ్డు మీద గతుకు తగిలితే ఆ కుదుపు చిన్న స్టీరింగ్ మీద ఇంకాస్త గట్టిగా అరచేతికి వస్తుంది. స్పోర్ట్స్ కారు ఇష్టపడేవాళ్లకి కావలసిందీ అదే. ముందు టైర్లు రోడ్డుని ఎలా పట్టుకున్నాయో వేళ్లకి తెలియాలి వాళ్లకి.

లారీ సంగతి వేరు. అక్కడ ముందు ఇరుసు మీద టన్నుల బరువు. నిలబడి ఉన్న బండిని చేతులతో తిప్పాలంటే పెద్ద చక్రం తప్ప దారి లేదు. కార్లలో పవర్ స్టీరింగ్ మొదటిసారి అమ్మకానికి వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. 911కైతే 1989లో 964 మోడల్ వచ్చేదాకా అది లేదు. ఇంజిన్ వెనక ఉండటంతో ముందు భాగం తేలిక, అందుకే అన్నేళ్లు లేకుండా నెట్టుకొచ్చారు. మావయ్యకి ఇదంతా చెబితే తల ఊపి, "అయితే ఇంజిన్ ముందుంటే మీ చిన్న చక్రం పనికిరాదన్నమాట" అన్నాడు. పూర్తిగా పనికిరాదని కాదు గానీ ఆయన పట్టుకున్న పాయింటు సరైనదే. ముందు బరువున్న బండికి, వెడల్పు టైర్లు వేసిన బండికి చక్రం తగ్గించేటప్పుడు చాలా ఆలోచించాలి.

గరాజ్‌లో నాకు ఈ పని నేర్పింది మలయాళీ ఫోర్‌మన్. పాలకొల్లు షెడ్డులో నేర్చుకున్న పని చేతిలో పెట్టుకునే నేను గల్ఫ్ వెళ్లాను. మెకానిక్ వీసా అని చెప్పి పంపిన ఏజెంటు మాట అక్కడ చెల్లలేదు, చాలాకాలం కార్లు కడిగాను. వేసవిలో రేకుల షెడ్డు కింద నీళ్ల పైపు పట్టుకుంటే అందులో మొదట వచ్చేది సలసలా కాగిన నీళ్లే. రాత్రి రూములో ఇంటికి ఫోన్ చేసినప్పుడు పని బాగానే ఉందని చెప్పేవాణ్ని. ఆ ఫోర్‌మన్ ఒకరోజు కడిగిన కారు దగ్గరికి నన్ను పిలిచి, ఈ కారు నడిపేది ఎలాంటి మనిషో చెప్పు అన్నాడు. నాకేం తెలుస్తుంది? ఆయన స్టీరింగ్ చూపించాడు.

ఆ చూపించిన పద్ధతే ఇప్పటికీ నా పద్ధతి. కారు రాగానే కొలతల జోలికి పోను, పాత చక్రం మీద తోలు చూస్తాను. అక్కడ ఎడమ చేతి వైపు స్టీరింగ్, కుడి చేయి గేర్ మీద ఉంటుంది. అందుకని చాలా చక్రాలకి ఎడమ పక్క తోలు అరిగి నున్నగా మెరుస్తుంది, కుడి పక్క గరుకు అలాగే మిగిలి ఉంటుంది. మెరుపు పై భాగంలో ఉంటే మనిషి చక్రం నెత్తిన చెయ్యి వేసి వాలిపోయి నడుపుతున్నాడని. కింద ఉంటే మోచెయ్యి తొడ మీద ఆనించి నడుపుతున్నాడని. రెండు పక్కలా మధ్యలో సమానంగా అరిగితే ఆయనకి నడపడం వచ్చు.

ఒక పెద్దాయన 1980ల నాటి 911 తెచ్చారు, కారేరా 3.2. 320 మిల్లీమీటర్ల చక్రం కావాలని పట్టుబట్టారు. ఆయన చక్రం పై భాగమంతా అరిగిపోయి ఉంది. సీట్లో కూర్చోమని, వీపు పూర్తిగా ఆనించి చెయ్యి ముందుకి చాపమన్నాను. సరిగ్గా కూర్చుంటే మణికట్టు చక్రం పై అంచు మీద ఆనాలి. ఆయనకి వేళ్ల చివర్లు మాత్రమే తగిలాయి. సీటు ముందుకి జరిపితే కాళ్లు ఇరుకు. ఆ కార్లలో చాలామందికి ఇదే ఇబ్బంది, చక్రం డాష్‌బోర్డుకి దగ్గరగా, మనిషికి దూరంగా ఉంటుంది. అంతకాలం ఆయన భుజం సీటు నుంచి లేపి తిప్పుతున్నారు. భుజం నొప్పి ఉందా అని అడిగితే ఆశ్చర్యపోయారు. రాత్రుళ్లు నిద్ర పట్టదట.

ఆ భుజంతో ఉన్న మనిషికి 19 శాతం బరువు పెంచితే ఏమవుతుంది? ఆయనకి కావలసింది చక్రం దగ్గరికి రావడం. అందుకని కాస్త పొడవైన బాస్, దాని మీద 360 నార్డీ అని చెప్పాను. 380తో పోలిస్తే బరువు పెరిగేది 5.5 శాతం. మోచేతులు వంగి ఉంటే బలం ఎటూ ఎక్కువ వస్తుంది కాబట్టి ఆ పెరుగుదల తెలియదు. అంతకంటే ముందు టైర్లలో గాలి చూశాను. తక్కువగా ఉంది. గాలి పట్టించి, గరాజ్ ఆవరణలోనే ఒక రౌండు వేయించి, "ఇప్పుడు చెప్పండి సార్, ఇంకా బరువుగా ఉందా" అని అడిగాను. సగం కంప్లైంటు అక్కడే పోయింది. చిన్న స్టీరింగ్ కావాలని వచ్చినవాళ్లకి ముందు గాలి, అలైన్‌మెంటు, ర్యాక్ బుష్‌లు చూడకుండా చక్రం అమ్మడం నాకు ఇష్టం ఉండదు. ఓనర్‌కి ఇది నచ్చని రోజులున్నాయి. ఇప్పుడు కస్టమర్లే నా పేరు చెప్పి అడుగుతున్నారు, అందుకే ఏమీ అనడు.

ఇంకొకటి మీటర్లు. 911 డాష్‌బోర్డులో ఐదు గుండ్రాలు వరసగా ఉంటాయి, నడుమ ఉన్నది ఇంజిన్ వేగం చూపేది, దాని కుడి పక్కన స్పీడోమీటర్. పెద్ద చక్రం అంచు చివరి రెండిటికి అడ్డొస్తుంది, చిన్నది పెడితే అవి బయటపడి లోపలివి మూసుకుపోవచ్చు. ఇది క్యాటలాగులో తెలియదు. నేను అట్టముక్కని 360కి ఒకటి, 350కి ఒకటి, రింగులా కోసి ఉంచుకుంటాను. వాటిని పాత చక్రం మీద టేపుతో అంటించి మనిషిని కూర్చోబెడితే ఆయన ఎత్తుకి ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో వెంటనే తేలిపోతుంది. పెద్దాయనకి 350 రింగు స్పీడోమీటర్ అంకెల మీదికి వచ్చింది. ఇక 320 ఊసు మళ్లీ ఎత్తలేదు.

చక్రం ఎంచుకున్నాక బిగింపు. మోమోకి ఆరు బోల్టులు 70 మిల్లీమీటర్ల వలయంలో ఉంటాయి, నార్డీకి 74. నాలుగు మిల్లీమీటర్ల తేడానే గదా అని రంధ్రాలు సాగదీసి బిగించిన కార్లు నా దగ్గరికి వచ్చాయి. వాటిని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. మనిషి ప్రాణం ఆ ఆరు బోల్టుల మీద ఉంది. రెండు కొలతలకీ రంధ్రాలున్న బాస్‌లు దొరుకుతాయి, కొనుక్కుంటే పోతుంది. విప్పేముందు ముందు టైర్లు నిటారుగా పెట్టి, స్టీరింగ్ కడ్డీ మీదా, దాని మీద కూర్చునే హబ్ మీదా ఒక గుర్తు గీసుకోవాలి. హారన్ తీగ, ఇండికేటర్ తనంతట తాను ఆగేలా చేసే పిన్ను, రెండూ కొత్త బాస్‌లో సరిగ్గా కూర్చున్నాయో లేదో చూశాకే పెద్ద నట్ బిగించాలి. అక్కడ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ముందు తనిఖీ ఉంటుంది, హారన్ మోగకపోతే వెనక్కి పంపేస్తారు. పైన వేసే తోలు విషయంలో నా సలహా ఒకటే, ఆ ఎండకి మామూలు నున్నటి తోలు. మెత్తటి స్వేడ్ చెమటకి నల్లగా జిడ్డు కట్టిపోతుంది. చెక్క చక్రం చూడ్డానికి అందమే, తడి చేతికి జారుతుంది.

ఇక మా బావమరిది సంగతి. వాడిది భీమవరం, ఈ మధ్యే కొత్త కారు కొన్నాడు. "బావా, వచ్చేటప్పుడు ఒక మోమో తెచ్చిపెట్టు, ఎంతైనా ఇస్తాను" అని ఫోన్ మీద ఫోన్. నేను తేలేదు. మన దేశంలో 2019 జూలై 1 నుంచి ప్రతి కొత్త కారుకీ డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అది ఉండేది స్టీరింగ్ నడిబొడ్డులోనే. పాత 911లో ఎయిర్‌బ్యాగ్ లేదు కాబట్టి తీసేసేదేమీ లేదు. వీడి కారులో చక్రం తీయడమంటే ఎయిర్‌బ్యాగ్ తీసేయడమే. బండిలో మార్పులు చేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, ఆ గొడవ వేరే. యాక్సిడెంట్ అయినరోజు మా చెల్లెమ్మకి ఏం సమాధానం చెప్పాలి?

వాడు అలిగాడు. సరే, పద అని నరసాపురం తీసుకెళ్లి, గోదావరి మీద సఖినేటిపల్లి వైపు బండ్లని దాటించే పంటు మీదికి కారు ఎక్కించమన్నాను. గట్టు దిగి, ఆ ఇరుకు పలకల మీదికి ఫుల్ కట్ కొట్టి, ముందున్న ఆటోని తప్పించి బండి నిలపాలి. పవర్ స్టీరింగ్ ఉంది కాబట్టి ఎక్కించేశాడు. "ఈ పవర్ లేదనుకో, చక్రం 300దే అనుకో, ఇప్పుడు తిప్పు" అన్నాను. వేగంగా పోయేటప్పుడు చిన్న చక్రం ఎవరికైనా బాగుంటుంది. కాలవ గట్టు మీద ఎదురుగా కొబ్బరి లారీ వచ్చి వెనక్కి తీయాల్సి వస్తే, ఇలాంటి రేవుల దగ్గర, అప్పుడు తెలుస్తుంది దాని బరువు. మా ప్రాంతంలో బండి నడపడమంటే సగం ఇదే.

అసలు వాడికి మోమోలో ఏం నచ్చిందో పంటు మీద నిలబడి అడిగాను. స్నేహితుడి కారులో పట్టుకున్నాడట, చేతినిండా ఉందన్నాడు. అంటే వాడికి నచ్చింది కైవారం కాదు, పట్టు లావు. మోమో మొదలైందే దాంతో. జాన్‌పియెరో మొరెత్తి అనే ఇటలీ రేసర్ తన కారుకి కాస్త లావు పట్టున్న స్టీరింగ్ చేయించుకుంటే, 1964లో ఫెరారీలో ప్రపంచ చాంపియన్ అయిన జాన్ సర్టీస్ కూడా అలాంటిదే వాడాడు. ఆ లావు కోసం చక్రమే మార్చక్కర్లేదు. షార్జా నుంచి నేను తెచ్చుకున్న తోలు ముక్క, మైనం పూసిన దారం సూట్‌కేసులో ఉన్నాయి. మరుసటి రోజు మా ఇంటి ముందు కొబ్బరి చెట్ల నీడలో వాడి చక్రానికి తోలు కుట్టాను. నడుమ ఎయిర్‌బ్యాగ్ మూతని ముట్టుకోకుండా అంచు చుట్టూ మాత్రమే. కుట్టు చక్రం లోపలి వైపుకి రావాలి, మొదలూ ముడీ కింద భాగంలో పడాలి, లేకపోతే అరచేతికి రుద్దుకుంటుంది.

మావయ్య దగ్గరే కూర్చుని చూశాడు. అయిపోయాక ఆయనే ముందు ఎక్కి, పట్టుకుని, నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి దిగాడు. "వచ్చేస్తే ఇక్కడ ఈ పని నడుస్తుందా?" అన్నాడు. పాత స్పోర్ట్స్ కార్లు ఇక్కడ లేవు మావయ్యా, కానీ అంబాసిడర్లు, పద్మినీలు ముద్దుగా ఉంచుకున్నవాళ్లు రాజమండ్రి దాకా అక్కడక్కడా ఉన్నారు, ముందు వాళ్లని కలుస్తాను అన్నాను. తన దగ్గర అంబాసిడర్ తోలిన పాత స్నేహితుల నంబర్లున్నాయని లోపలికి వెళ్లి డైరీ తెచ్చాడు.