నాలుక చివర ఆగిపోయిన 'వాయిదా'

మొన్న గురువారం కాల్‌లో నాకు 'వాయిదా' అన్న మాట రాలేదు. అవతల కర్నూలు పెద్దాయన. "ఈ నెల మీరు కట్టాల్సిన..." అని ఆగిపోయాను. మాట నాలుక చివరే ఉంది, బయటికి రాదు. "ఉన్నావా అమ్మా?" అంటున్నాడు. చివరికి "కంతా?" అని ఆయనే అందించాడు. బెంగళూరులో కూర్చుని తెలుగువాళ్లతో ఫోన్లో మాట్లాడటమే 7 ఏళ్లుగా నా ఉద్యోగం. నోట్లో మాట లేకపోతే నాకు పని లేదు.

మైగ్రేన్ తలనొప్పి రాకుండా టోపిరమేట్ అనే మందు మొదలుపెట్టి 6 వారాలైంది. మాట తట్టకపోవడం ఈ మందుతో వచ్చే ఇబ్బందే. రాత్రి 25 మిల్లీగ్రాములతో మొదలై, వారానికింత పెంచుతూ 100కి వచ్చాం. వేళ్లలో తిమ్మిర్లు, సోడా తాగితే చప్పగా ఉండటం, వీటిని పట్టించుకోలేదు. ఎందుకంటే నెలకు 8 సార్లు వచ్చే నొప్పి 3 సార్లకు దిగింది.

ఆ నొప్పి ఎలాంటిదంటే, ముందు ఎడమ పక్క చూపులో రంపపు పళ్లలాంటి వెలుగు గీత మిణుకుమంటూ పాకుతుంది. స్క్రీన్ మీద సగం అంకెలు మాయం. 20 నిమిషాలకు గీత పోయి, కుడి కణతలో పోట్లు మొదలవుతాయి. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డ్ దాకా ముందు బండ్ల బ్రేకు లైట్లు చూడలేక చున్నీ కళ్లకు చుట్టుకునేదాన్ని. హిందూపురం నుంచి అమ్మ వస్తే శొంఠి అరగదీసి పట్టు వేసేది. ఆ మంటలో కాసేపు నొప్పి మరిచేదాన్ని.

సెలవు పెట్టాలంటే భయంతో పెయిన్‌కిల్లర్లు మింగుతూ వచ్చాను. నెలకు 15 రోజులు, ఆపైన అవి వాడితే వాటివల్లే తలనొప్పి ముదురుతుందని, మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్ మాత్రలకైతే ఆ లెక్క 10 రోజులేనని డాక్టరమ్మ చెప్పేదాకా తెలియదు.

శుక్రవారం ఆఫీసులో ఫీడ్‌బ్యాక్ వచ్చింది: 'డెడ్ ఎయిర్, 11 సెకన్లు'. అంటే కాల్‌లో అంతసేపు నిశ్శబ్దం అని. నాకు ఏడుపొచ్చింది. నొప్పితో ఇంట్లో ఉంటే గైర్హాజరు, నొప్పి తగ్గించుకుని వస్తే ఇది. ఆ ఫారంలో మందు గురించి రాయడానికి చోటే లేదు. టీమ్ లీడర్‌కి ప్రిస్క్రిప్షన్ చూపించి అంతా చెప్పాను. ముందే చెప్పాల్సింది.

శనివారం డాక్టరమ్మ మందు ఒక్కసారిగా ఆపొద్దంది, 75కి తగ్గించింది. నొప్పులు మళ్లీ పెరగొచ్చని కూడా చెప్పింది. ఆ మాత్రం ఓర్చుకుంటాను, మాట పోతే మాత్రం ఓర్చుకోలేను.

మానిటర్ అంచున పసుపు చీటీ అంటించుకున్నాను: వాయిదా, గడువు, రసీదు, జామీను. నిన్న 'వాయిదా' చూడకుండానే వచ్చింది. 'జామీను' మాత్రం ఇంకా చూసే చదువుతున్నాను.