పిడికిలి పడని వేళ్ళు, మైదుకూరు పసుపు

మా అత్తగారి పుట్టిల్లు కడప జిల్లా మైదుకూరు. ఆ ఊరి పేరుతోనే ఒక పసుపు రకం ఉంది. మూడేళ్ళ క్రితం నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) అని తేలిన మర్నాడే ఆమె కొత్త కొమ్ములు దంచి డబ్బా నింపారు.

పొద్దున లేచాక గంటన్నర దాకా నాకు పిడికిలి పడేది కాదు. పిండి కలపలేను, జాకెట్టు హుక్కు పెట్టుకోలేను. కడపలో చూపించుకుంటే వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ బిళ్ళ, దానికి తోడు ఫోలిక్ యాసిడ్ రాశారు. అప్పుడప్పుడూ కాలేయ పరీక్షలు చేయించుకోవాలన్నారు. ఆ మాట నా మనసులో భయంగా నాటుకుపోయింది. నాలుగు నెలలకు నొప్పి తగ్గగానే ఎవరికీ చెప్పకుండా బిళ్ళ మానేసి, పసుపు పాలు మాత్రం తాగుతూ వచ్చాను. రెండు నెలలు తిరగకుండానే మణికట్లు వాచిపోయాయి.

"పసుపు వాపు తగ్గిస్తుందంటారు కదా డాక్టరమ్మా?" అని అడిగాను. ఆమె కసురుకోలేదు. "ఆ గుణం ఉందమ్మా, లెక్క చూద్దాం" అంటూ కాగితం తీసుకున్నారు. పసుపులో ఆ గుణమున్న పదార్థం, కర్క్యుమిన్, సుమారు 3 శాతమే. చెంచా పసుపు 3 గ్రాములనుకుంటే అందులో ఉండేది 90 మిల్లీగ్రాములు. అందులోనూ రక్తంలోకి చేరేది బహు కొద్ది. ప్రయోగశాలలో కణాల మీద అది టీఎన్ఎఫ్ వంటి వాపు రసాయనాలను అణచడం నిజమే. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో కర్క్యుమిన్ తీసుకున్న కీళ్ళవాత రోగులకు నొప్పి, వాపు తగ్గాయి. కానీ అందులో ఉన్నది మొత్తం 45 మంది. వాళ్ళు తీసుకున్నది వంటింటి పసుపు కాదు, సారం. అంతమాత్రానికే కీళ్ళు అరగకుండా ఆపే మందు మానకూడదన్నారు. అప్పటిదాకా పసుపు మంచిదని చెప్పినవాళ్ళే తప్ప, ఎంత అని లెక్క చెప్పినవాళ్ళు నాకు తారసపడలేదు.

మిరియాల్లోని పైపెరీన్ కర్క్యుమిన్‌ను ఎక్కువగా ఒంటికి పట్టిస్తుందని విని, ఆ రెండూ కలిపిన గుళికలు కొందామనుకున్నాను. డాక్టరమ్మ వద్దన్నారు. అలాంటి గాఢమైన గుళికలతో కొందరికి కాలేయం దెబ్బతిందట. నేను వేసుకునే బిళ్ళ భారం కూడా కాలేయం మీదే. కూరలో, పాలలో పసుపుకు అభ్యంతరం లేదన్నారు.

బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టాను. వాపు దిగడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు పొద్దుటి బిగువు పావుగంటలో వదులుతుంది. ఆ లెక్కల కాగితం అత్తగారికి చదివి వినిపించాను. ఆదివారం రాత్రి "బిళ్ళ వేసుకున్నావా అమ్మా?" అని అడిగాకే ఆమె పసుపు పాలు నా చేతికిస్తున్నారు.