ఇరవైకి ఎనిమిది

శనివారం ఆట అయ్యాక కారులో మావాడితో అన్నాను, "20కి 8. అంతేనా?" వాడు తొమ్మిదో తరగతి, స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే తోటివాళ్లకు బంతి విసిరేవాడు. ఆ రోజు వేసిన ఇరవై పాసుల్లో ఎనిమిదే చేరాయి. కాసేపాగి, "అమ్మా, వేసేది నేనే, పట్టుకునేది నేను కాదు కదా" అన్నాడు. సాకులు చెప్పకు అన్నాను. వచ్చే ఆటకు రావద్దన్నాడు.

మార్కులు తగ్గితే పేపర్‌ని అనకూడదు, తప్పు మనదే అనుకుని చదవాలి. గుంటూరులో నేను అలాగే పెరిగాను.

ఆ రాత్రి నిద్ర పట్టక వాడి మాట నిజమో కాదో వెతికాను. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బఫెలో టీమ్ క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ పాసుల్లో 2019లో 58.8 శాతం చేరాయి. 2020లో స్టెఫాన్ డిగ్స్ అనే రిసీవర్, అంటే పాసులు పట్టేవాడు, ఆ టీమ్‌కి వచ్చాడు. ఆ ఏడాది 69.2. డిగ్స్ ఒక్కడే 127 పట్టాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. టామ్ బ్రేడీ అంతటి క్వార్టర్‌బ్యాక్‌కే 2006లో 24 టచ్‌డౌన్ పాసులు, అంటే నేరుగా స్కోరు తెచ్చినవి. రాండీ మాస్, వెస్ వెల్కర్ అనే రిసీవర్లు వచ్చాక 2007లో 50.

చాలాసార్లు రిసీవర్ మలుపు తిరగకముందే బంతి వేసేయాలట. అతను రెండడుగులు ముందే ఆగిపోయినా, డిఫెండర్‌ను విడిపించుకోలేకపోయినా అది ఖాళీ చోట పడుతుంది. రిసీవర్ చేతుల్లోంచి జారి అవతలి టీమ్‌వాడికి దొరికినా ఆ ఇంటర్‌సెప్షన్ క్వార్టర్‌బ్యాక్ పేరు మీదే రాస్తారు. శనివారం మావాడికి అలాగే అయింది. నా కళ్లతో చూశాను. అయినా వాడి తప్పుగానే లెక్కేశాను.

అక్కడితో ఆగానా? లేదు. 2024లో డిగ్స్ హ్యూస్టన్ వెళ్లిపోయాడు, బఫెలోలో ఒక్క రిసీవరూ ఆ సీజన్‌లో పాసులు పట్టి 1,000 యార్డులు దాటలేదు, అయినా ఆలెన్ ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. పొద్దున్నే వాడికిది చెప్పాలనుకున్నాను. సీరియల్ తింటూ తలెత్తని పిల్లాణ్ణి చూశాక నోరు పెగల్లేదు.

వేసవిలో రోజూ అడిగేవాడు, "పది నిమిషాలు బంతి పడతావా అమ్మా" అని. లెక్కలు అయ్యాక చూద్దాం అనేదాన్ని. చివరికి ఒక్కడే బంతిని గరాజ్ తలుపుకేసి కొట్టుకునేవాడు. పోయిన నెల ఆఫీసులో ప్రాజెక్ట్ ఆలస్యమైతే, టీమ్ సరిగా లేకుండా నేనొక్కదాన్ని ఏం చేయను అని ఇంటికొచ్చి ఏడ్చింది నేనే. అది సాకని ఆ రోజు నాకెవరూ చెప్పలేదు. మా ఆయన టీ పెట్టిచ్చారు.

పిల్లల స్కోరు అడిగేముందు ఆట ఎలా జరిగిందో అడగండి అని మీకు చెబుదామని మొదలుపెట్టాను. కానీ ప్రతి ఓటమికీ పక్కవాణ్ణి చూపించడం వాడికి అలవాటైతే? సాకేదో, కారణమేదో వాడికి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఈ శనివారం మళ్లీ ఆట ఉంది. రమ్మని ఇంకా అనలేదు.