ఉబ్బిన ఫోన్ చేతిలో పెట్టి "ఇంకో నెల వస్తుందా అన్నా" అంటారు

బెంగళూరు మారతహళ్లిలో ఫోన్లు రిపేరు చేసుకునేవాడికి కన్నడ ఎంత అవసరమో తెలుగూ అంతే అవసరం. నాది మదనపల్లె. ఒంగోలు, నంద్యాల, ఖమ్మం నుంచి వచ్చి పీజీల్లో ఉండే పిల్లలే నా గిరాకీ. బ్యాటరీ మార్పించుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, 80 దాటగానే ఛార్జింగ్ తీసేయాలంట కదా?"

తీస్తే మంచిదే, బ్యాటరీ ఇంకొన్నాళ్లు ఎక్కువ మన్నుతుంది. కానీ అది డబ్బులు మిగిల్చే సంగతి, ఒళ్లు కాలకుండా చూసుకునే సంగతి వేరు. 80 దగ్గర అలారం పెట్టుకుని ప్లగ్గు పీకే అబ్బాయే రాత్రి అదే ఫోన్‌ను ఛార్జింగ్‌లో ఉంచి దిండు కింద దూరుస్తాడు. బ్యాటరీ ఉబ్బి వెనక గ్లాసు లేచి సందులో గమ్ కనిపిస్తుంటే, పౌచ్ బిగించి అదిమేస్తాడు. పర్సెంటేజీ సంగతి ఫోన్ చూసుకుంటుంది. నిండగానే కరెంటు తీసుకోవడం ఆపే చిప్ ప్రతి ఫోన్లోనూ ఉంటుంది. వేడి, ఒత్తిడి మాత్రం మన చేతుల్లోనే ఉన్నాయి. నాకు టెన్షన్ కూడా ఆ రెండింటితోనే.

బ్యాటరీ లోపల రాగి రేకు, అల్యూమినియం రేకు, వాటి మధ్య ఒక ప్లాస్టిక్ పొర ఉంటాయి. రాగి మీద గ్రాఫైట్ పూత, అల్యూమినియం మీద ఎక్కువగా లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పూత. అన్నిటినీ తడిపి ఉంచే ద్రవం నిప్పు తగిలితే మండే రకం. మధ్యలోని ఆ పొర తల వెంట్రుక కంటే పల్చన. అది నలిగిందో చిరిగిందో, రెండు వైపులూ తగులుకుని లోపలే షార్ట్ అవుతుంది. అక్కడ పుట్టిన వేడికి పక్కనున్న పొర కరుగుతుంది, షార్ట్ ఇంకా పెద్దదవుతుంది. వేడి మరీ ముదిరితే కోబాల్ట్ ఆక్సైడ్ నుంచే ఆక్సిజన్ వస్తుంది. అందుకే ఈ మంట మీద గుడ్డ కప్పితే ఆరదు.

2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు అంటుకున్న గొడవ గుర్తుందా? మొదట వచ్చిన బ్యాటరీల్లో పై మూల దగ్గర చోటు చాలక లోపలి రేకు ఒంగిందని 2017 జనవరిలో కంపెనీయే చెప్పింది. మూల దగ్గర కాస్త ఒంగితేనే అంత పని జరిగింది. మనవాళ్లేమో వెనక జేబులో ఫోన్ పెట్టుకుని ఆఫీసు క్యాబులో గంటసేపు దాని మీదే కూర్చుంటారు.

దానికి ముందు 2007లో నోకియా బీఎల్-5సీ బ్యాటరీల గొడవ. అప్పుడు నేను మా మేనమామ అంగట్లో పని నేర్చుకుంటున్నాను. మత్సుషిత కంపెనీ 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా తయారుచేసిన 4.6 కోట్ల బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉందని, కావాలంటే మార్చి ఇస్తామని నోకియా ప్రకటించింది. ఫోన్ పేలిపోతుందని ఊరంతా పుకారు. అప్పట్లో ఒక సుఖం ఉండేది. అనుమానం వస్తే గోటితో మూత లాగి బ్యాటరీ బయట పెట్టేసేవాళ్లం. ఇప్పుడవి గమ్ వేసి అతికించేసి ఉంటాయి. అసలు చిక్కు అక్కడే.

ఉబ్బిన బ్యాటరీ తీసేటప్పుడు నేను పక్కవాళ్లతో మాట్లాడను. ముందు ఫోన్‌ను ఛార్జింగ్ 25 శాతం లోపలికి దిగేదాకా ఉంచుతాను. ఛార్జి ఎంత తక్కువుంటే, ఏదైనా తేడా వచ్చినా మంట అంత చిన్నది. తర్వాత స్విచాఫ్. మామూలుగానైతే వెనక గ్లాసు ఊడదీయడానికి వేడి చేస్తాం, ఉబ్బినదానికి మాత్రం హీట్ గన్ ముట్టను. సన్న సూది సిరంజితో అంచుల వెంట ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) చుక్కలు వేసి, గమ్ మెత్తబడేదాకా ఆగుతాను. గ్లాసు వచ్చాక ముందు బ్యాటరీ కనెక్టర్ విప్పాలి. ఆ తర్వాత ప్లాస్టిక్ కార్డును కింద నుంచి నెమ్మదిగా జరుపుతూ పోవాలి. స్క్రూడ్రైవర్ పెట్టి మీటితే కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు పొగ వస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి తియ్యటి వాసన ముక్కుకు తగిలిందంటే బ్యాటరీ కవర్‌కు చిల్లి పడినట్టే. ఇక చేతిలో పట్టుకుని చూడటాలు లేవు, నేరుగా షాపు బయటున్న ఇసుక బకెట్‌లోకి పోవాలి. యూట్యూబ్ చూసి ఇంట్లో చేసుకుంటానన్న ఒకమ్మాయికి ఇదంతా చెప్పాను. "అయితే మీరే చేయండన్నా" అంది. బ్యాటరీని ఉబ్బించిన లోపలి గ్యాస్‌ను సూది గుచ్చి తీసేస్తే సరిపోతుందన్న వీడియోలు కూడా తిరుగుతున్నాయి. ఆ గ్యాస్ మండుతుంది, పీల్చినా మంచిది కాదు. పైగా సూది లోపలి పొరను దాటి పోయిందంటే షార్టే.

ఇంకొకటి, బీరువాలో ఏడాదిగా పడి ఉన్న పాత ఫోన్ ఆన్ కాదు. బ్యాటరీ పూర్తిగా ఎండిపోయి ఉంటుంది. దానికి బయటి నుంచి కరెంటిచ్చి లేపడాన్ని మా వాళ్లు బూస్ట్ కొట్టడం అంటారు. లేస్తుంది కూడా. కానీ వోల్టేజీ మరీ దిగిపోయినప్పుడు లోపలి రాగి కొంత ఆ ద్రవంలో కరుగుతుంది, మళ్లీ ఛార్జ్ చేస్తే అది రాకూడని చోట పేరుకుని షార్ట్‌కు దారి తీస్తుంది. అందుకే నేను బూస్ట్ కొట్టను, కొత్తది వేస్తాను. దానికి కొందరు నన్ను డబ్బు మనిషి అనుకుంటారు, అనుకోనీ. వాడని ఫోన్ దాచుకోవాలంటే సగం ఛార్జితో స్విచాఫ్ చేసి, అప్పుడప్పుడూ తీసి కాస్త ఎక్కించండి.

వేడి సంగతికొస్తే నాకు ఎక్కువ కనబడేది డెలివరీ కుర్రాళ్ల ఫోన్లలో. హ్యాండిల్‌కు బిగించిన ఫోన్, ఏప్రిల్ ఎండ, ఆగకుండా మ్యాప్, జేబులోని పవర్ బ్యాంకు నుంచి వైరు. వానకు తడవకూడదని ప్లాస్టిక్ కవరు తొడిగి, ఎండొచ్చాక తీయడం మర్చిపోతారు. వెనక నుంచి ఛార్జింగ్ వేడి, ముందు నుంచి ఎండ, రెంటికీ బయటికి దారి లేదు. బెంగళూరు చల్లటి ఊరని ఇంకా నమ్మేవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ ఫోన్ ముట్టుకుని చూడాలి. బ్యాటరీకి 35 డిగ్రీలు దాటిన వేడే పడదు. వాళ్లకు నేను చెప్పేది చిన్న మార్పు: ఆర్డర్ కోసం నీడలో ఆగినప్పుడే ఛార్జింగ్ పెట్టు తమ్ముడూ, పరిగెత్తేటప్పుడు కాదు. కొందరు వింటారు.

కొత్త బ్యాటరీ కోసం బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డుకు వెళ్తే ఒకే మోడల్‌కు మూడు రేట్లు చెబుతారు. మొదట్లో ఒక హోల్‌సేల్ అంగడి వాళ్లిచ్చినవాటి మీద పెద్ద అంకెలే ఉన్నాయి, చేతిలో పట్టుకుంటే మాత్రం తేలిగ్గా ఉన్నాయి. స్టిక్కర్ మీద ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె) ఎంతైనా అచ్చు వేసుకోవచ్చు. ఇప్పుడు బీఐఎస్ (సరుకు నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) నంబరు, బ్యాటరీల భద్రతా ప్రమాణం ఐఎస్ 16046 అని ఉందా చూస్తాను. ఆ బీఐఎస్ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీదో వస్తుంది. మీరూ షాపులో నిలబడే చూసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే ఆ షాపు వద్దు.

ఫోన్ నిజంగానే పొగ వదిలితే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపండి, అందకపోతే మెయిన్ ఆపండి. ఫోన్‌ను చేత్తో తీయొద్దు, పొగ పీల్చొద్దు. లిథియం కదా, నీళ్లు పోస్తే పేలుతుందని చాలామంది అనుకుంటారు. ఫోన్ బ్యాటరీలకు అది వర్తించదు. దూరం నుంచి నీళ్లు బాగా పోసి చల్లార్చాలి, మంట ఆరాక కూడా పోస్తూనే ఉండాలి. లోపలి వేడి పోకపోతే మళ్లీ అంటుకుంటుంది. ఐస్ గడ్డలు పెట్టొద్దు, అవి వేడిని బయటికి పోనీయవు. మంట పెద్దదైతే ఇదంతా వదిలేసి బయటికొచ్చి 112కు ఫోన్ చేయండి.

పండక్కి విమానంలో ఊరికెళ్లే పిల్లలు పవర్ బ్యాంకు గురించి అడుగుతుంటారు. చెక్-ఇన్ బ్యాగులో వేయకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్ల దాకా అనుమతి అడగక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 వాట్ అవర్లే కాబట్టి ఇబ్బంది లేదు.

పాత బ్యాటరీని మాత్రం చెత్త ఆటోలో వేయకండి. లారీలో చెత్తను అదిమేటప్పుడు అది నలిగి అంటుకుంటుంది. కనెక్టర్ మీద టేపు అంటించి నా దగ్గర ఇచ్చేయండి, ఈ-వేస్ట్ వాళ్లు వచ్చినప్పుడు పంపిస్తాను, డబ్బులేం అక్కర్లేదు. ఉబ్బినదైతే స్విచాఫ్ చేసి, బ్యాగులో పుస్తకాల మధ్య కాకుండా విడిగా తీసుకురండి. కౌంటర్ మీద పెట్టేముందే ఉబ్బిందని చెప్పండి. మంగళవారం షాపు ఉండదు.