లట్కే ఎంత నూనె తాగుతుంది? మూడు ఆదివారాల లెక్క

న్యూజెర్సీలో మా పక్కింటి యూదు పెద్దావిడ హనుక్కా పండక్కి పళ్లెం నిండా లట్కేలు పంపింది. బంగాళాదుంప తురుముతో వేసే అట్ల లాంటివి. నాలుగు తిన్నాక అనుమానం మొదలైంది, ఇవి ఎంత నూనె తాగి ఉంటాయి? వంటింట్లో త్రాసు ఉంది కదా అని తూచడం మొదలుపెట్టాను.

ప్రతిసారీ కొలతలు ఇవే: తొక్క తీసిన దుంపలు 500 గ్రాములు (385 క్యాలరీలు), ఉల్లిపాయ 100 గ్రాములు (40), గుడ్లు రెండు (140), మాట్జో (యూదులు తినే పులియని రొట్టె) పొడి 30 గ్రాములు (దాదాపు 110). మొత్తం 675, వచ్చేవి 12. పోసిన నూనెలోంచి మూకుడులో మిగిలిందీ టిష్యూకి అంటిందీ తీసేస్తే తాగిన లెక్క తేలుతుంది. గ్రాముకి 9 క్యాలరీలు.

మొదటి ఆదివారం: తురుము సరిగ్గా పిండలేదు, నూనె కాగకముందే వేశాను. 90 గ్రాములు తాగేశాయి! ఒక్కోటి 124 క్యాలరీలు. గారెల పిండి పలచనైతే ఏమవుతుందో తెలిసి కూడా ఇదే తప్పు చేశాను.

రెండో ఆదివారం: పలచటి గుడ్డలో వేసి గట్టిగా పిండాను. ఆ నీళ్లు పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి పేరుకుంది. నీళ్లు వంచేసి దాన్ని తురుములో కలిపాను, అట్టు విరగలేదు. ఆ నీళ్లతో కొంత విటమిన్ సి, పొటాషియం పోతాయి, పోనీ. ఇంకో సంగతి, నూనె ఎక్కువగా లోపలికి వెళ్లేది తీశాక చల్లారేటప్పుడే. అందుకే వేడిమీదే రెండు వైపులా టిష్యూతో అద్దాను. ఈసారి 58 గ్రాములు, ఒక్కోటి 100 క్యాలరీలు. అందులో 43 నూనెవే.

మూడో ఆదివారం: ఓవెన్‌లో, 20 గ్రాముల నూనెతో. ఒక్కోటి 71. అంచులు ఎండిపోయాయి, మధ్యలో మెత్తన. పక్కింటావిడ ఒకటి కొరికి, "నూనె పండక్కి నూనె లేకుండానా?" అంది. నిజమే, ఒక్క రోజుకి సరిపడే నూనెతో గుడి దీపం ఎనిమిది రోజులు వెలిగిందనే కదా ఈ పండగ.

నంజుకోవడానికి రెండు పెద్ద చెంచాల సోర్ క్రీమ్ వేసుకుంటే ఇంకో 60 చేరతాయి. తీపి కలపని యాపిల్ సాస్ అయితే 15 లోపే. వచ్చే వారం పాతకాలం పద్ధతిలో బాతు కొవ్వుతో వేస్తాను. అప్పుడు యాపిల్ సాసే గతి, కోషర్ అనే యూదుల ఆహార నియమం ప్రకారం మాంసపు కొవ్వుతో పాల పదార్థం కలపకూడదు.